కారుకు బదులు రాయి

ఆళ్లగడ్డ,
12-11-1956

ఆదినారాయణప్పకు మద్దిలేటి నమస్కారాలు.

పాతికేళ్లకు ఉత్తరం రాస్తున్నాను. ఎవడీ మద్దిలేటి అని నుదురు ముడవొద్దు. నంద్యాల హైస్కూల్లో నీ పక్కన కూర్చున్నవాణ్ణి. నీ కాంపాసు ముల్లుతో బెంచీ మీద నేను ఆంజనేయుణ్ణి చెక్కితే, కాంపాసు నీదని దెబ్బలు నువ్వు తిన్నావు. ఆ ఏడే మా నాయన చదువు మాన్పించి నా చేతికి ఉలి ఇచ్చాడు. ఇప్పటికీ ఆళ్లగడ్డలో, కడప రోడ్డు పక్కన, అదే కొట్టంలో దేవుళ్లను చెక్కుతున్నాను.

మీ నాయన మద్రాసు దొర దగ్గర కొన్న నీలం అమెరికా కారు అమ్మబోతున్నావని బస్సు డ్రైవరు సుందరరాజు చెప్పాడు. అది నాకు కావాలి. నవ్వితే నవ్వు. రాళ్లు కొట్టేవాడికి జమీందార్ల బండి ఎందుకని మా వీధిలో అందరూ నవ్వుతూనే ఉన్నారు.

సంగతేమిటంటే, పాతికేళ్లుగా పీల్చిన రాతిపొడి నా ఛాతీలో పేరుకుంది. ఉలి వదలకపోతే రెండు మూడేళ్లకు మించి ఉండనని కర్నూలు డాక్టరు మొహం మీదే చెప్పాడు. వేరే పని నాకు రాదు. అహోబిలం పోయే యాత్రికులు ఇక్కడ బస్సు దిగి, ఎద్దుబండ్ల కోసం గంటలు గంటలు పడిగాపులు పడుతుంటారు. ఎనిమిది మంది పట్టే కారు ఉంటే రోజుకు రెండు ట్రిప్పులు తిప్పుకుని బతకొచ్చు. నడపడం సుందరరాజు నేర్పుతానన్నాడు.

నా దగ్గర ఉన్నది దాచకుండా చెబుతున్నాను. రెండువేల రెండువందలు. ఎంతకిస్తావో రాయి.

నీ
మద్దిలేటి

నంద్యాల,
20-11-1956

ప్రియమైన మద్దిలేటికి,

ఆ దెబ్బలు ఇంకా గుర్తున్నాయి. వడ్డీతో వసూలు చేసుకునే రోజు వచ్చింది.

రెండువేల రెండువందలకు ఆ కారు తలుపులూ, మీదు మిక్కిలి ఒక హారనూ వస్తాయి. ముప్పై ఎనిమిదో సంవత్సరపు బండి అన్నమాటే గానీ, తోలు సీట్ల మీద ఒక్క చిరుగు లేదు. ఎనిమిది సిలిండర్లు. మా నాయన పండగలకు తప్ప బయటికి తీసేవాడు కాదు. కాగితాలన్నీ తేదీల వారీగా కట్టి పెట్టాను. నా సంగతి నీకు తెలుసు, ఏ పనైనా ముందే అన్నీ సిద్ధం చేసుకుని గానీ మొదలుపెట్టను. ఐదువేలు. స్నేహితుడివి కాబట్టి రెండువందలు తగ్గిస్తాను.

ఒక మాట. మా తమ్ముడు శ్రీనివాసులు ఆ కారంటే పడి చస్తాడు. నువ్వు చూసినప్పుడు వాడు తొట్టెలో ఉన్నాడు. వాణ్ణి కని మా అమ్మ పోతే, కాపురానికి కొత్తగా వచ్చిన మా ఇంటామె ఉమామహేశ్వరమ్మ పెంచింది. మాకు పిల్లలు లేరు. అమ్మడం వాడికి ఇష్టం లేదు. అయినా ఇంటి పెద్దను నేను కదా.

ఛాతీ జాగ్రత్త.

ఆదినారాయణ

ఆళ్లగడ్డ,
3-12-1956

ఆదినారాయణప్పకు,

నువ్వు తలుపులు ఇస్తానంటే మిగతాది ఎవరికి అమ్ముకుంటావో అని ఆలోచిస్తున్నాను.

సుందరరాజు మీ ఇంటికొచ్చి బండి చూశాడు కదా. ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. "ఇంజను గట్టిదే అప్పా. మూడో గేరు పడేటప్పుడు మూలుగుతాంది. టైర్లు నాలుగూ అరిగి నున్నగైనాయి. బ్రేకు నూనె కారతాంది, తొక్కితే బండి ఎడమకు లాగుతాంది." ఇవి బాగు చేయించడానికి నాకు ఆరువందలు కావాలి.

ఇంకో సంగతి. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయి నెల దాటింది. మూడేళ్లు పెద్ద కార్లకు ఉన్న గిరాకీ ఆఫీసర్ల సామాన్లతోనే పోయింది. పైగా ఎక్కడో ఓడలు పోయే కాలువ మూసేశారట, పెట్రోలు కొరత అని పేపర్లో రాస్తున్నారు. గ్యాలనుకు పది మైళ్లు పోయే నీ ఏనుగును ఇప్పుడు ఎవరు మేపుతారు? రెండువేల ఐదువందలు. మా ఇంటిది లింగమ్మ మెళ్లో బంగారం కూడా లెక్క వేసుకునే ఈ మాట అంటున్నాను.

మద్దిలేటి

నంద్యాల,
15-12-1956

ప్రియమైన మద్దిలేటికి,

టైర్లకు మూడువందలు, బ్రేకుకు మూడువందలు తగ్గిస్తాను. గేరు మూలిగేది సుందరరాజు తొక్కడం వల్ల. కాలువ సంగతి నాకు అనవసరం. నాలుగువేల రెండువందల దగ్గర నిలబడ్డాను, దిగను. కానీ ఇంకో దారి ఉంది.

మా బంధువుల్లో ఒక పిల్లవాడు పోయాడు. ఇరవై ఆరేళ్లు. బళ్లారి వైపు ఉండేవాడు. సమాధి మీద నిలపడానికి రాతిలో వాడి రూపం కావాలి, ఛాతీ దాకా, మూడడుగుల ఎత్తు, కింద నాలుగు వరసల అక్షరాలు. ఫోటో సుందరరాజు చేత పంపుతున్నాను. ఈ రాయి చేసిపెడితే కారు ధరలో పన్నెండువందలు కొట్టేస్తాను. ఉగాదికల్లా సిద్ధం కావాలి. పేరు తర్వాత చెబుతాను.

ఎవరికీ చెప్పొద్దు. ఇంటివాళ్ల దుఃఖం పదిమంది నోళ్లలో పడటం నాకిష్టం లేదు.

ఆదినారాయణ

ఆళ్లగడ్డ,
8-1-1957

ఆదినారాయణప్పకు,

డాక్టరు వద్దన్న పనే ఇంకొక్కసారి చేయమంటున్నావు. సరే, చివరి రాయి అనుకుని ఒప్పుకున్నాను. మంచి నల్లరాయి దొరికింది, మొన్ననే మొదలుపెట్టాను.

పిల్లవాడి మొహం బాగుంది. ఎడమ కనుబొమ్మ కొంచెం పైకి ఉంటుంది, ఏదో పరిహాసం చేయబోతున్నట్టు. కింది పెదవి మీద చిన్న గాటు. పక్కన ఉన్నదెవరినో కత్తిరించేసి ఫోటో పంపావు. కత్తిరించిన వైపు వాడి భుజం మీద ఒక చెయ్యి మిగిలిపోయింది, వేలికి పచ్చరాయి ఉంగరం. చెక్కేటప్పుడు ఆ చెయ్యి తీసేశాను.

ఇక బేరం. ఈ కొలతకు నేను మామూలుగా పద్నాలుగువందలు తీసుకుంటాను, నువ్వు పన్నెండు కట్టావు. టైర్లు నాలుగూ మార్చాలని నువ్వే ఒప్పుకున్నావు. రాయి పోను రెండువేల ఆరువందలు ఇస్తాను. కాదంటే నీ కారు నీ దగ్గరే, నా రాయి నా దగ్గరే. తిట్టాలనుంటే వచ్చే ఉత్తరంలో తిట్టు, ఓపిక పట్టి చదువుతాను.

మద్దిలేటి

నంద్యాల,
20-1-1957

మద్దిలేటికి,

రెండువేల ఆరువందలు సరే. టైర్లు నేనే కొత్తవి వేయించి ఇస్తాను. కారు నీ ముంగిట నిలబడ్డాకే డబ్బు ఇవ్వు, బయానా కూడా వద్దు.

రాయి మీద వేయాల్సిన చీటీ ఇందులో పెట్టాను. పేరు దగ్గరా తిథి దగ్గరా చోటు ఖాళీగా ఉంచు.

ఆదినారాయణ

ఆళ్లగడ్డ,
2-2-1957

ఆదినారాయణప్పకు,

నేను నాలుగువందలు తగ్గించమంటే నువ్వు వంద అనాలి, నేను మూడు అనాలి, రెండు దగ్గర ఇద్దరం నిలబడాలి. అది బేరం. నువ్వు ఒక్క మాటకు ఒప్పుకునేసరికి నాకు సంతోషం కలగాల్సింది. కలగలేదు. బెంచీ మీద కూర్చున్నప్పుడు రబ్బరు ముక్క అరువిచ్చి, అరిగినంత కొలిచి చూసినవాడివి నువ్వు.

చీటీ చూసి నవ్వుకున్నాను. "హేవిళంబి నామ సంవత్సరం, చైత్ర బహుళ" అని రాసి తిథి ఖాళీ ఉంచావు. ఇంకా దుర్ముఖిలోనే ఉన్నామప్పా. హేవిళంబి రావాలంటే ఉగాది పోవాలి. డిసెంబరులోనే పోయాడన్న పిల్లవాడు రాబోయే ఏడు చైత్రంలో ఎట్లా పోతాడు? రాతి మీద తప్పు పడితే చెరపడానికి రబ్బరు పనికిరాదు. సరైన తిథి పంచాంగం చూసి రాయి.

లింగమ్మ ఆ మాటకు నవ్వలేదు. "ఆ చీటీ నాకు బాగలేదు, తిప్పి పంపు" అంటాంది.

మద్దిలేటి

నంద్యాల,
9-2-1957

మద్దిలేటికి,

చెయ్యి జారింది. వచ్చే ఏడు భూముల కౌళ్ల కాగితాలు రాస్తూ ఆ ఊపులో రాశాను. ఆ వరస అలాగే ఉండనీ, చివర్లో చూసుకుందాం. మొహం మాత్రం పూర్తి చెయ్యి.

కారు రెండువేలకే తీసుకో. ఇంట్లో ఆడవాళ్ల మాటలకు చెవులిస్తే పనులు సాగవు.

ఆదినారాయణ

ఆళ్లగడ్డ,
25-2-1957

ఆదినారాయణప్పకు,

నిన్న ఆదివారం నీ కారు నా కొట్టం ముందు ఆగింది. నువ్వే పంపావేమో అనుకున్నాను. నీకు తెలియదని తర్వాత తెలిసింది.

ఒక అబ్బాయి దిగాడు. తెల్ల చొక్కా, దుమ్ము కొట్టుకున్న జుట్టు. రాగానే ఎడమ కనుబొమ్మ పైకెత్తి, "మద్దిలేటన్న నువ్వేనా? బెంచీ మీద ఆంజనేయుని కత మా అన్న చెప్తాంటాడు" అన్నాడు. నా చేతిలో సుత్తి ఉంది. అది ఎప్పుడు కింద పెట్టానో నాకు తెలియదు. ఆదినారాయణప్పా, ఆ మొహాన్ని నేను నెలన్నర నుంచి చెక్కుతున్నాను. కింది పెదవి మీద గాటు ఎంత లోతో నా ఉలికి తెలుసు.

లింగమ్మ మజ్జిగ చెంబు తెచ్చి, వాకిట్లోనే నిలబడిపోయింది. రోజూ ఆ రాయి మీద నీళ్లు పోసి పొడి కడిగేది ఆమే. నేను కళ్లతో వద్దని చెప్పాను. ఆమె చెంబు అక్కడ పెట్టి లోపలికి పోయి మళ్లీ రాలేదు.

అబ్బాయి కూర్చోవడానికి చోటు చూసుకుని, గోనెపట్టా కప్పి ఉన్న రాయి పక్కన దిమ్మె మీద కూర్చున్నాడు. ఆ గోనెపట్టా మీదే మోచెయ్యి ఆనించాడు. తన తల మీద తనే చెయ్యి వేసుకున్నానని వాడికేం తెలుసు?

"బండి నువ్వే కొంటాండావంట గదన్నా. అడగనీకి వచ్చినా. వైశాఖంలో నా పెండ్లి, కోయిలకుంట్ల సంబంధం. ఆయమ్మిని ఈ బండిలోనే ఇంటికి తీసుకురావాలని ఉంది. పెండ్లి అయ్యేదాక ఆగి కొనుక్కో. ఒక్క నెల."

మీ అన్నను అడగలేదా అన్నాను.

"అన్న చైత్రంలోనే ఇచ్చేయాల అంటాండు. అన్న మాట కాదనలేను. పెండ్లయితే భాగాలు పంచాల గదా, కొత్త చట్టం వచ్చినాక పెండ్లానికి గూడ హక్కంట, ప్లీడరు చెప్పిన్నుంచి అన్నకు నిద్ర లేదు. నాకీ లెక్కలన్నీ యాడ తెలుస్తాయన్నా. అన్న ఎంత ఇస్తే అంతే."

మజ్జిగ తాగి, హారను కొట్టి వెళ్లిపోయాడు. రాయి సంగతి చెప్పాలని నోటి దాకా వచ్చింది. ఏమని చెప్పను?

నీ తమ్ముడు బతికే ఉన్నాడు. ఫోటోలో వాడి భుజం మీది చెయ్యి నీది, ఆ పచ్చరాయి ఉంగరం మీ నాయన వేలికి నేను చూసిందే. బళ్లారిలో ఎవరూ పోలేదు. మరి ఈ రాయి ఎవరికి? నాకు భయంగా ఉంది. దాచకుండా చెప్పు.

మద్దిలేటి

నంద్యాల,
1-3-1957

ప్రియమైన మద్దిలేటికి,

నీకు అబద్ధం చెప్పాను, క్షమించు. నిజం చెబితే నువ్వు రాయి ముట్టవని భయపడ్డాను.

శ్రీనివాసులు జాతకంలో గండం ఉంది. హేవిళంబి చైత్రం, బహుళ పక్షం. పేరున్న జ్యోతిష్కుడే చెప్పాడు. ముందుగానే వాడి రూపంతో సమాధి రాయి చేయించి పెడితే, మృత్యువు ఆ రాయిని చూసి పని అయిపోయిందనుకుని వెళ్లిపోతుందట. వాడికి చెబితే బెదిరిపోతాడు. పెళ్లి పెట్టుకుని ఆ మాట ఎలా చెప్పను? పాలు తాగే వయసు నుంచి ఎత్తుకుని పెంచాను. నా మీద నీకు ఇలాంటి అనుమానం రావడం బాధగా ఉంది.

పోనీలే. మన మధ్య ఇక బేరం వద్దు. కారు ఊరికే తీసుకో, రాయే దాని ధర. డాక్టరు నీకు రెండు మూడేళ్లే అన్నాడు, లింగమ్మను తలుచుకో. నోరు మాత్రం కట్టేసుకో. మాట బయటికి పోతే పరిహారం ఫలించదట.

ఆదినారాయణ

ఆళ్లగడ్డ,
11-3-1957

ఆదినారాయణప్పకు,

గండం అన్నావు కాబట్టి నమ్ముతున్నాను. నమ్మాలని ఉంది. రాయి పూర్తవుతుంది. కారు తీసుకుంటాను.

ఈ వారం దగ్గులో నెత్తురు పడింది. లింగమ్మ నాతో మాట్లాడటం లేదు.

మద్దిలేటి

నంద్యాల,
22-3-1957

ప్రియమైన మద్దిలేటికి,

మంచి నిర్ణయం. ఏర్పాట్లు ఇవీ. చైత్ర బహుళ పంచమి, శుక్రవారం, శ్రీనివాసులే కారు నడుపుకుంటూ బయల్దేరతాడు. ఒక్కడే వస్తాడు. చీకటి పడ్డాక బయల్దేరమన్నాను, ఎండలకు ఇంజను కాగకుండా. కొత్త టైర్లు తెప్పించాను గానీ ఇంట్లోనే ఉంచాను, తర్వాత నువ్వే మనిషిని పంపి తీసుకుపో. బ్రేకు సంగతి కూడా నువ్వే తర్వాత చూసుకో.

శనివారం తెల్లవారేసరికి రాయి కోసం నా బండి వస్తుంది. అక్షరాలు రాత్రికల్లా పూర్తి చేసి ఉంచు.

ఆదినారాయణ

ఆళ్లగడ్డ,
2-4-1957

ఆదినారాయణకు,

నీ ఉత్తరాన్ని అందిన రోజే పదిసార్లు చదివాను. ఊరికే వచ్చే కారు కళ్లకు ఎంత పొర కప్పుతుందో నాకిప్పుడు తెలిసింది. మూడు వారాలు ఆ పొర కప్పుకుని తిరిగాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

టైర్ల మాట దగ్గర ఆ పొర పోయింది. డబ్బు పెట్టి కొన్న కొత్త టైర్లు ఇంట్లో దాచుకుని, అరిగినవాటి మీద తమ్ముణ్ణి చీకట్లో ఒంటరిగా పంపుతావా? బ్రేకు నూనె కారుతోందని సుందరరాజు డిసెంబరులోనే చెప్పాడు. మొన్న మళ్లీ మీ ఇంటికి పోయి అడిగితే, "ఉండనీలే, నీకెందుకు" అన్నావట. బండి నా ముంగిటికి చేరదని నీకు తెలుసు. చేరని బండికి కొత్త టైర్లు దండగ అనుకున్నావు. నీ పిసినారితనమే నిన్ను పట్టించింది.

చీటీలో తిథి ఖాళీ ఉంచావు. కారు వచ్చే రోజు చైత్ర బహుళ పంచమి అని ఇప్పుడు రాశావు. ఆ ఖాళీలో పట్టే తిథి అదే. గండం తప్పించే పరిహారమైతే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి చేయిస్తారు గానీ, రాతి మీద చావు తేదీ వేయించరు. నువ్వు బేరమాడినన్నాళ్లు నాకు భయం లేదు. ఎప్పుడు బేరం మానావో అప్పుడే లేచి రావాల్సింది.

శ్రీనివాసులుకు కబురంపి పిలిపించాను. గోనెపట్టా తీసి చూపించాను. మొదట నవ్వాడు, ముక్కు పెద్దది చేశావన్నాడు. తర్వాత అక్షరాలు చదివాడు. మంచినీళ్లు అడిగి తాగి, "మా అన్న అట్లాంటోడు కాదన్నా. నన్ను సాకినోడు" అని నీ ఇంటికే తిరిగి వెళ్లాడు. నేను ఆపలేకపోయాను. కన్న తండ్రిని కూడా అంతగా నమ్మేవాళ్లు ఉండరు. ఆ నమ్మకాన్ని చూసి నాకు ఏడుపొచ్చింది.

ఇక నేను చేసింది విను. మా కొట్టంలో మా తాత నాటి నుంచి ఒక వాడుక ఉంది. ప్రతి రాతి పాదం మీద, భూమిలోకి పోయే చోట, దాన్ని చేయించినవారి పేరూ, ఆ పని మాకు చెప్పిన తేదీ వేస్తాం. రేపు రాయి ఎవరిదని తగువొస్తే తవ్వి చూసుకోవడానికి. నీ రాతికీ వేశాను. "చేయించినవారు: నంద్యాల ఆదినారాయణ. చెప్పిన తేదీ: 15-12-1956." పైన నీ తమ్ముడి పూర్తి పేరు వేశాను. హేవిళంబి చైత్ర బహుళ అని నువ్వు రాసిచ్చిందీ వేశాను. తిథి ఖాళీ.

ఈసారి పాదాన్ని భూమిలోకి దించలేదు. కడప రోడ్డు అంచున, బస్సులు ఆగే చోట, ఎత్తు దిమ్మె మీద నిలబెట్టాను. చదువు రానివాళ్లకు సుందరరాజు చదివి చెబుతున్నాడు. నీ ఉత్తరాలూ ఆ చీటీ నా దగ్గర లేవు, వెతికించడం దండగ. నీ తమ్ముడు బతికున్నంత కాలం అది ఒక వింత బొమ్మ, అంతే. వాడు పోయిన రోజు, జారిపడి పోయినా సరే, జ్వరమొచ్చి పోయినా సరే, ఆ తేదీనీ, నువ్వు రాయి చేయమని చెప్పిన తేదీనీ పక్కపక్కన పెట్టి జిల్లా అంతా చదువుతుంది.

నీ కారు నాకు వద్దు.

మద్దిలేటి

నంద్యాల,
9-4-1957

మద్దిలేటాచారి గారికి,

మీ ఉత్తరం అందింది. స్నేహానికి మీరు కట్టిన విలువ తెలిసింది.

తమ్ముడి మీద నాకున్న ప్రేమ మీ సాక్ష్యంతో నిలిచేది కాదు. వాడు నా మాట మీదే ఉన్నాడు. శుక్రవారం బయల్దేరమంటే బయల్దేరతాడు. ఆ రాయి నా సొత్తు, నా పేరు మీరే వేశారు. మా మనుషులు వస్తారు, అప్పగించండి.

రోడ్డు పక్క కొట్టం మీది. రాత్రీ పగలూ లారీలు తిరిగే రోడ్డు. పైగా ఆరోగ్యం బాగలేని మనిషి. మీరు పోతే జబ్బుతో పోయారనే అందరూ అనుకుంటారు, ఎవరూ ఏ తేదీలూ చూడరు. ఆ రాయి పక్కన ఇంకో రాయికి చోటు ఉంచుకోండి.

ఆదినారాయణ

ఆళ్లగడ్డ,
14-4-1957

ఆదినారాయణ గారికి,

మీ మనుషులు నలుగురు గురువారం వచ్చారు. అప్పుడే నంద్యాల బస్సు ఆగింది, యాభై మంది దిగారు. మీవాళ్లు కాసేపు టీ తాగుతూ నిలబడి, తర్వాత వాళ్లు కూడా ఆ అక్షరాలు చదివి, వచ్చిన దారినే పోయారు. వాళ్లలో ఒకాయన పోతూ పోతూ, "శీనప్ప బొమ్మేనా ఇది? ఏందప్పా ఈ పని" అని నన్ను అడిగాడు. చేయించినవారిని అడగమన్నాను.

శుక్రవారం నాడు కోయిలకుంట్ల నుంచి పెళ్లికూతురి తండ్రి వచ్చాడు. రెండుసార్లు చదివాడు. మీరు రాయి చెప్పిన తేదీ, దాని మీది చైత్ర బహుళ మాట కాగితం మీద రాసుకున్నాడు. పెళ్లి అయ్యేదాకా అల్లుణ్ణి తన ఇంట్లో ఉంచుకుంటానని చెప్పడానికి మీ ఇంటికి వస్తానన్నాడు. ఈ ఉత్తరం అందేసరికి వచ్చి వెళ్లే ఉంటాడు. ఆయన అడిగినప్పుడు శ్రీనివాసులు మీ మొహం వైపు చూసి ఉంటాడు. ఆ చూపుకు మీరేం జవాబు చెప్పారో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

మీ తొమ్మిదో తేదీ ఉత్తరంలో ఇంకో రాయికి చోటు ఉంచుకోమన్నారు. నేను ఉలి పట్టకూడదని డాక్టరు చెప్పిన మాట నిజమే. కానీ రాయి చేయమని చెప్పినవారికి కాదనడం మా కొట్టంలో లేదు. నాలుగు రోజులు రాత్రీ పగలూ నేనూ లింగమ్మా కూర్చుని పూర్తి చేశాం. నేను చెక్కుతుంటే ఆమె నీళ్లు పోసింది. మొహం అంత బాగా రాలేదు, అద్దంలో చూసుకుంటూ చెక్కుకోవడం నాకిదే మొదటిసారి. ఈ ఉదయమే దాన్ని మీ తమ్ముడి రాయి పక్కన నిలబెట్టాను.

పైన "మద్దిలేటాచారి, శిల్పి, ఆళ్లగడ్డ" అని వేశాను. పాదం మీద "చేయించినవారు: నంద్యాల ఆదినారాయణ. చెప్పిన తేదీ: 9-4-1957" అని వేశాను. మధ్యలో నేను పోయిన తేదీకి చోటు ఖాళీగా ఉంది. దగ్గుతో పోతే ఏమి వేయాలో లింగమ్మకు తెలుసు. వేరే విధంగా పోతే ఏమి వేయాలో కూడా తెలుసు, ఆమెకు అక్షరాలు చెక్కడం నేర్పాను.

ఈ రాతికి బేరం లేదు. మీ దగ్గర ఏమీ తీసుకోను.

మద్దిలేటాచారి